సూది వద్దన్న రోజు

షిబెనిక్ పట్నానికి దిగువన మా రేవులో ఏ కాఫీ అంగడికి వెళ్లినా గోడ మీద యెరె ఫొటో కనిపిస్తుంది. ఒళ్లంతా బురద, నెత్తి మీద ఫుట్‌బాల్ కప్పు. ఆ ఫైనల్లో మోకాలికి సూది పొడిపించుకుని మరీ ఆడాడని మావాళ్లు గొప్పలు పోతారు. మగాడంటే అలా ఉండాలట! ఆ మోకాలు తర్వాత ఏమైందో మాత్రం ఒక్కడూ మాట్లాడడు.

ఆడే వయసు దాటాక యెరె మా మోర్నార్ జట్టుకే కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడు మా జట్టు అట్టడుగున ఉంది. ఆఖరి మ్యాచ్ ఓడామా, మూడో లీగుకి జారిపోతాం. యెరె ఉద్యోగమూ ఊడుతుంది. గెలిపించగలిగినవాడు లోవ్రె ఒక్కడే. యెరెతో ఒకప్పుడు కలిసి ఆడిన స్తీపె కొడుకు. వాడికేమో మోకాల్లో లిగమెంటు సగం తెగింది.

"ఇప్పుడు ఆపరేషన్ చేయించుకుని ఏడాది ఆగితే బాగవుతాడు. ఆడితే మిగతా సగమూ పోతుంది. సూది వేస్తే నొప్పి తెలీదు, అంతే" అన్నాడు డాక్టరు. అంటూనే మందుల పెట్టె తెరిచి పెట్టుకున్నాడు మహానుభావుడు.

మ్యాచ్ రోజు సముద్రం మీంచి జూగో గాలి. ఆ గాలి తోలిందంటే మా ఊళ్లో ఎవడి బుర్రా తిన్నగా ఉండదు. బట్టలు మార్చుకునే గదిలోకి క్లబ్బు ప్రెసిడెంటు వింకో ఊగిపోతూ వచ్చాడు.

"ఏంట్రా యెరె, ఇంకా నాన్చుతావు? నువ్వు పొడిపించుకోలా? చచ్చావా?"

"వెయ్యమను బాబాయ్," అన్నాడు లోవ్రె. "నా మోకాలు, నా ఇష్టం. ఆడకపోతే మా నాన్నకి మొహం ఎలా చూపించను?"

యెరెకి వాళ్లమ్మ పోయిన రోజు కళ్ల ముందు మెదిలింది. మా శ్మశానం కొండ మీద. శవపేటికని కొడుకులు భుజాన మోసుకెళ్లాలి. యెరె ముందు భుజం పట్టాడు. చర్చి మలుపు తిరక్కుండానే మోకాలు మడతపడింది, పేటిక పక్కకి ఒరిగింది, ఆడవాళ్లు కెవ్వుమన్నారు. పినతల్లి కొడుకు పరుగున వచ్చి అతని చోట భుజం పెట్టాడు. కన్నకొడుకు మాత్రం కర్ర పట్టుకుని అందరి వెనకాల నడిచాడు.

"మా అమ్మని మోయలేకపోయానురా," అన్నాడు లోవ్రెతో. "కొండెక్కేదాకా నా ముందు వేరేవాడి భుజం మీద వెళ్లింది. ఆ కప్పుని ఏం చేసుకోను చెప్పు?"

"మీ అమ్మ సంగతి నాకెందుకు? ఇవాళ ఆడకపోతే నేను చచ్చినట్టే!" కుర్రాడు భోరుమన్నాడు.

"ఏడు. తిట్టు. ఆడనివ్వను." డాక్టరు వైపు తిరిగాడు యెరె. "ఆ పెట్టె మూసెయ్ నాయనా."

ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. సాయంత్రానికల్లా వింకో అతన్ని పొమ్మన్నాడు. నడిరేవులో స్తీపె ఎదురుపడి, "నా కొడుకు నోటికాడి కూడు లాగేశావు కదరా!" అని కాళ్ల దగ్గర ఉమ్మేశాడు. అన్ని ఏళ్లు కలిసి తిరిగినవాడు! లోవ్రె జాగ్రెబ్‌లో ఆపరేషన్ చేయించుకుని, అక్కణ్ణుంచి అటే ఏదో పెద్ద జట్టులో చేరిపోయాడు. వెళ్లేముందు చెప్పనైనా చెప్పలేదు. యెరె పడవలకి రంగులేసుకుంటూ బతికాడు.

రెండేళ్లకి కప్పు పోటీల్లో ఆ జట్టే మా ఊరొచ్చింది. యెరె స్టాండులో ఓ మూల కూర్చున్నాడు. పక్కన కూర్చునే దిక్కు లేదు. ఆట సగంలో లోవ్రెకి బంతి దొరికింది. ఆ కాలి మీదే గిరుక్కున తిరిగి, మావాళ్లనిద్దర్ని దాటి, గోలు కొట్టాడు.

ఊరికి ఊరు నోరు పడిపోయినట్టు ఊరుకుంది. చప్పట్లు ఒక్కచోటే వినిపించాయి. యెరె కర్ర పారేసి, లేచి నిలబడి కొడుతున్నాడు.

"సిగ్గుందట్రా నీకు?" కింది వరసలోంచి అరిచాడు వింకో. "గోలు పడింది మనకి!"

"ఆ కాలు చూడరా వింకో," అన్నాడు యెరె. "అదే కాలు! దాని మీదే తిరిగాడురా, చూశావా?"

సొంతూరి మీద గోలు కొట్టినవాడు పండగ చేసుకోడు. లోవ్రె తలొంచుకుని మధ్య గీత వైపు పరుగెత్తాడు. ఇటు కన్నెత్తి చూడలేదు. యెరె ఆ పరుగునే చూస్తూ, కారుతున్న కళ్లనైనా తుడుచుకోకుండా, చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.