టవరు కనపడితే రెక్కలూపు

నేను ఒక మైకును. పెళ్ళిపందిట్లో "హలో, మైక్ టెస్టింగ్" అనిపించుకునే జాతి కాదు నాది. అరచేతిలో ఇమిడే నల్లటి దాన్ని, పక్కన ఒక మీట, చుట్టలు తిరిగిన వైరు. మీట నొక్కితే కంట్రోల్ టవర్లో అన్న మాట విమానానికి వెళుతుంది. వదిలితే అక్కడి మాట స్పీకర్లో వినిపిస్తుంది. ఒక పెద్ద విమానాశ్రయంలో ఎన్నో చేతులు మారి, పాతబడ్డానని ఈ చిన్న రన్‌వేకి వచ్చిపడ్డాను. ఇక్కడ ఎగిరేవి ఫ్లయింగ్ క్లబ్బు పిల్లల శిక్షణ విమానాలే. చుట్టూ బీడు. ఇప్పుడు హెడ్‌ఫోన్లొచ్చి నన్ను స్టోరుగదిలో పడేశారు కాబట్టి, తీరిగ్గా మీకు చెబుతున్నాను.

నన్ను పట్టుకున్న చివరి మనిషి ఎస్తేరు రాణి. సొంతూరు కావలి. టవర్లో ఒక్కతే డ్యూటీ, క్వార్టర్స్‌లో ఒక్కతే కాపురం. రోజంతా మాట్లాడేది, కానీ ఏం మాటలవి! మీరు "చూద్దాం" అంటే దానికెన్ని అర్థాలో మీకే తెలియదు. నాలోంచి వెళ్ళే మాటకి ఒక్కటే అర్థం. స్టాండ్‌బై అంటే ఆగు, నేనే పిలుస్తాను. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. విల్కో అంటే విన్నాను, చేసి తీరతాను. ఇంట్లో "అలాగేలే" అని మర్చిపోతారే, ఆ బాపతు కాదు. టేకాఫ్ అనే మాటైతే ఎగరమనో, ఆగిపొమ్మనో చెప్పేటప్పుడు తప్ప నోట్లోంచి రానేకూడదు. ఇన్ని మాటల్లో "తిన్నావా" అనేది మాత్రం లేదు. ఎస్తేరుని ఆ మాట అడిగేవాళ్ళు టవరు కిందా లేరు.

ఒక మే నెల మధ్యాహ్నం హుమేరా అనే పిల్ల విమానం తీసుకుని వెళ్ళింది. ఒంటరిగా ఎగరడం మొదలుపెట్టి వారం కూడా కాలేదు. "చక్కెర ఫ్యాక్టరీ పైన ఉన్నా, తిరిగొస్తున్నా" అంది. అంతే, మళ్ళీ గొంతు లేదు. ఇంతలో గాలిదుమారం లేచి నేలా ఆకాశం ఏకమైపోయాయి. ఎస్తేరు పిలిచింది, పిలిచింది, జవాబు లేదు. నగరంలోని పెద్ద కంట్రోల్ కేంద్రానికి ఫోన్ చేస్తే, వాళ్ళు అటుగా పోతున్న ప్రయాణికుల విమానాన్ని పైనుంచి పిలిచి చూడమని మా ఫ్రీక్వెన్సీలోకి పంపారు. ఆ కెప్టెన్ తెలుగువాడే. "నేనూ పిలిచానండీ, పలకట్లేదు. వింటూనే ఉంటాను" అన్నాడు.

అప్పుడు ఎస్తేరు "ట్రాన్స్‌మిటింగ్ బ్లైండ్" అంది. అవతల వింటున్నారో లేదో తెలియకపోయినా మాట్లాడుతున్నాను అని దాని అర్థం. పిల్ల రేడియోకి మాట రాకపోయినా చెవులు బాగానే ఉండొచ్చు కదా, ఆ ఆశ. కాసేపటికి ఇంగ్లీషు పోయి కావలి భాష వచ్చేసింది.

"హుమేరా, ఫ్యాక్టరీ కాడి నుంచి రైలు కట్ట పట్టుకో. దాన్ని ఒదలమాక. అదే నిన్ను మన కాడికి తెస్తాది. భయపడమాక తల్లీ, నేనీడనే ఉండాను. టవరు కనపడితే రెక్కలూపు."

చెప్పిందే చెప్పింది. గొంతు బొంగురుపోయింది. విమానంలో పెట్రోలు తరిగిపోతోందని ఆవిడకి తెలుసు. మీట వదిలి, విని, మళ్ళీ నొక్కింది. నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది. మాట అటు పోతోంది కానీ, అటు మనిషి ఉందో లేదో!

రైలు కట్ట వైపు దుమ్ములోంచి చిన్న తెల్లటి విమానం బయటపడింది. ఎడమ రెక్క వంచింది, కుడి రెక్క వంచింది, ఊపుతూనే ఉంది. ఎస్తేరు దిగమని పచ్చలైటు చూపించింది. పిల్ల రెండుసార్లు ఎగిరెగిరి పడినా చక్కగా ఆగింది. క్లబ్బు వాళ్ళంతా అటు పరుగెత్తారు.

టవర్లో ఎస్తేరు కుర్చీలో కూలబడి భోరుమంది. "అమ్మా, నువ్వు పోయినాక నేనెవురితోనూ ఇంతసేపు మాట్లాడలేదే! బదులు రాకపోయినా మాట్లాడతానే ఉండాను కదే!"

బొటనవేలు మీట మీదే ఉంది. ఆ ఏడుపంతా నాలోంచి ఆకాశంలోకి పోయింది. ఆపడం నా చేతిలో లేదు. ఎప్పటికో ఆ వేలు జారింది. స్పీకరు గరగరమంది.

"రాజర్" అన్నాడు పైనున్న కెప్టెన్, మెల్లగా.

రాజర్ అంటే సరేనని కాదు, ఏదో చేస్తాననీ కాదు. మీరన్నదంతా నాకు చేరింది, అంతే. ఎస్తేరు నన్ను బల్ల మీద పెట్టి, కుర్చీని ఆ స్పీకరు దగ్గరికి జరుపుకుంది.