తిత్తి కదలని పాట

పొద్దున్నే సుజన స్టవ్ మీద చాయ్ పెట్టి, అది మరిగేలోపు హార్మోనియంకి సాంబ్రాణి పొగ వేస్తుంది. ముసురు పట్టిందంటే ఆ పెట్టెకి జలుబు చేస్తుంది మరి. గురగురమంటూ ఊపిరి తీస్తుంటే పక్కింటి నాగమణమ్మ గోడ అవతలి నుంచి, "సుజనా, పెట్టెకు జర వాము పొగన్న వెయ్యరాదు, మస్తు ఆయాసపడుతుంది" అని కేకేస్తుంది. సంతోష్‌నగర్‌లోని ఆ గల్లీలో కుక్క మొరిగితే విసుక్కునేవాళ్ళున్నారు గానీ, హార్మోనియం ఊపిరి పీలిస్తే వింతపడేవాళ్ళు లేరు.

పెట్టె సుజన భర్త ప్రేమ్‌రాజ్ సార్‌ది. కంచన్‌బాగ్ దగ్గరి హైస్కూల్లో ముప్పై ఏళ్ళుగా తెలుగు చెప్తున్నాడు. లెక్కల సార్ సెలవు పెడితే ఎక్కాలు కూడా రాగం కట్టి పాడిస్తాడు. చాంద్రాయణగుట్టలో బస్సెక్కితే ఎవడో ఒక పాత విద్యార్థి లేచి సీటిస్తాడు. సార్ కూర్చోడు, లేచినవాడూ కూర్చోడు, ఆ సీటు ఖాళీగానే సంతోష్‌నగర్ దాకా వస్తుంది.

ఆదివారాలు చర్చిలో వాయించేదీ ఆయనే. ఎవరి గుండెలో పుట్టిన పాట వాళ్ళు పాడితే ఆ పెట్టె వెనక గాలి కొట్టే తిత్తి తనంతట తానే ఆడుతుంది. వేరేవాళ్ళ పాటకైతే చేత్తో కొట్టుకోవాల్సిందే. వడ్రంగి పెంటయ్య ఒకసారి క్రిస్మస్ ప్రాక్టీసులో అప్పటికప్పుడు రెండు ముక్కలు అల్లి పాడితే ఆయనక్కూడా ఆడింది. సార్ సొంత పాటలప్పుడు ఆయన రెండు చేతులూ స్వరాలు నొక్కే మెట్ల మీదే ఉంటాయి.

ఒక్క పాటకి తప్ప. "పండుకోవె జామపిందె, పైవాడు మేలుకున్నడు" అనే పాటకి ఆయన ఎడమచేత్తో తిత్తి కొడుతూనే వాయిస్తాడు. ఇరవై రెండేళ్ళ కింద ఆరేళ్ళ కూతురు స్వీటీ జ్వరమొచ్చి పోయిన ఏడాది పాట అది. ఆయన మిగతా పాటలన్నీ గ్రాంథికంగా, నిండుగా ఉంటాయి. ఇదొక్కటే ఇంట్లో మాటల్లో ఉంటుంది. కడుపుకోతతో సార్ చెయ్యి ఊరుకోదు పాపం అని జనం కళ్ళు తుడుచుకుంటారు.

ఆ చర్చిలో కోతపండుగకి ప్రథమఫలాలు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. గుమ్మడికాయ, బొప్పాయి, చెట్టు తొలికాపు నిమ్మకాయలు. దేవుడికిచ్చినదాని మీద పేరు రాసుకోరు. సార్‌కి దొడ్డీ లేదు, చెట్టూ లేదు. ఏటా ఒక కొత్త పాట కాగితం మీద రాసి గుమ్మడికాయ కింద పెట్టేవాడు, పేరు లేకుండానే. అట్లా ముప్పై ఒక్క పాటలయ్యాయి.

చర్చికి యాభై ఏళ్ళు నిండుతున్నాయని పాటల పుస్తకం వేద్దామన్నారు. పాటలన్నీ రాసి పెట్టుకున్న నోటుబుక్కు సార్ జోయెల్ చేతికిచ్చాడు. ఆరో తరగతి నుంచి ఆ ఇంట్లోనే పాట నేర్చుకుని, సుజన కలిపిన పులిహోర తిని, పదిహేనేళ్ళు పెట్టె పక్కనే కూర్చున్నవాడు జోయెల్. వాడికి కాక ఇంకెవరికిస్తాడు?

పుస్తకం అచ్చయి వచ్చింది. మొదటి పేజీలోనే 'రచన, బాణీ: జోయెల్' అని ఉంది. సార్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అదే ఉంది.

"ఏంది జోయెల్ ఇది?"

"పేరు లేకుండె గద సార్. ప్రథమఫలం మీద పేరు రాయొద్దని మీరే చెప్పిండ్రు. ప్రెస్సోళ్ళు ఎవలదో ఒకలది ఉండాలె అన్నరు." వాడు నేల చూపులు చూశాడు. "కమిటీ కూడ సరే అన్నది. ఇగ క్వయర్ నన్నే చూసుకొమ్మన్నరు."

సార్ పుస్తకం చంకన పెట్టుకుని బయల్దేరాడు. సంఘపెద్ద ఆగయ్య దగ్గరికి పోతే ఆయన వీపు తట్టి, "పిల్లగాడు పైకొస్తుండు, గిప్పుడు లొల్లి ఎందుకు సార్. మీ పాటలని మాకు ఎర్క లేదా?" అన్నాడు. ఎరుకుండీ ఊరుకున్నారన్నదే సార్‌కి ముల్లులా దిగింది.

"సరే, కోతపండుగ నాడు వాణ్ణి నా పెట్టె మీద వాయించుమను. అందరి ముందట. తిత్తే చెప్తది ఎవలియో" అన్నాడు.

ఇంటికొచ్చి పుస్తకం మంచం మీద విసిరికొట్టాడు. "నా బిడ్డ పాట గూడ ఎత్తుకపోయిండే వాడు! నా పాట!"

పెట్టె తుడుస్తున్న సుజన తలెత్తి ఆయన్ని చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ తుడవసాగింది.

కోతపండుగ రోజు చర్చి కిక్కిరిసింది. జోయెల్ పెట్టె ముందు కూర్చున్నాడు. ముప్పై ఒక్క పాటల్లో వాడు ఎత్తుకున్నది జామపిందె పాట. ఎడమచెయ్యి తీరిగ్గా తిత్తి మీద వేసి కొట్టాడు.

ఎవరికీ అనుమానం రాలేదు. ఆ పాటకి చెయ్యి ఆడటం చూసి చూసి అలవాటే కదా. పదిహేనేళ్ళు పక్కన కూర్చున్నవాడు అన్నీ చూసి పెట్టుకున్నాడు.

'ఇంకో పాట వాయించరా' అని అరవబోయాడు సార్. ఆగిపోయాడు. ఎందుకని ఎవరైనా అడిగితే ఏం చెప్తాడు? ఆ పాటకి తను పాడినా తిత్తి తనంతట తాను ఏనాడూ కదల్లేదని చెప్తాడా?

రెండో చరణం అయిపోయింది. మూడోది ఎత్తుకోగానే ఆడవాళ్ళ వైపు నుంచి ఇంకో గొంతు కలిసింది. ఇరవై రెండేళ్ళుగా ఆ పాటకి పెదవి విప్పని సుజన, కూర్చున్నచోటే కళ్ళు మూసుకుని పాడుతోంది.

తిత్తి జోయెల్ చెయ్యి తోసుకుని తెరుచుకుంది. నిండుగా ఊపిరి పీల్చి, తానే మూసుకుని, మళ్ళీ తెరుచుకుంది. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆడవాళ్ళు సర్దుకుని దారిచ్చారు. సుజన పాడుకుంటూ వెళ్ళి పెట్టె పక్కన నిలబడింది. ఆగయ్య లేచి ఆమెకో కుర్చీ వేశాడు.

సార్ తల దించుకున్నాడు. ఆ వానాకాలంలో జ్వరంతో మూలిగే పిల్లని ఒళ్ళో వేసుకుని సుజన అల్లుకుంటూ పాడుతుంటే, తలుపు వెనక నిలబడి ఒక్కో ముక్కా రాసుకున్నది తనే. పేరు లేదు కదా, దేవుడికే కదా అనుకుని గుమ్మడికాయ కింద పెట్టిందీ తనే. ఆమెని ఒక్క మాట అడగలేదు.

బయట చెప్పుల దగ్గర జోయెల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, తప్పయింది…"

"నీకు నేర్పింది నేనే గదరా" అన్నాడు సార్.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. గల్లీ మలుపులో ఆయనే ఆగాడు.

"ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న నన్ను అడగకపోతివి."

"నేనెందుకు అడగాలె? ఎన్నడన్న నువ్వే చెప్తవని చూసిన" అంది సుజన. "వాడు ఒక్కరోజు చేస్తేనే నీకు గంత మండింది."

ఆమె తాళం తీసుకుని ముందు నడిచింది.

రెండు వారాలు సుజన చాయ్ ఒక్క కప్పే పెట్టింది, సార్ తనది తనే పెట్టుకున్నాడు. పుస్తకంలో అతికించడానికి కొత్త పేజీ కోసం ఆగయ్య వస్తే, సార్ జామపిందె పాట కింద సుజన పేరు రాసిచ్చాడు. మిగతా ముప్పైకి ఎవరి పేరని అడిగితే కలం పక్కన పెట్టేశాడు.

మూడో ఆదివారం ఆడవాళ్ళు సుజనని ముందుకు తోశారు. ఆమెకి వాయించడం రాదు. వెనక్కి తిరిగి భర్త వైపు చూసి, "రా" అంది, అంతే. ఆయన వెళ్ళి పెట్టె ముందు కూర్చున్నాడు. అలవాటుగా తిత్తి మీదికి పోయిన ఎడమచేతిని వెనక్కి తీసి మెట్ల మీద పెట్టాడు. ఆమె పాడటం మొదలుపెట్టింది.