తిరిగొచ్చే షాట్

వరమ్మ సంచి సర్దుతోంది. రెండు చొక్కాలు, ఒక పంచె, ఉతికిన తువ్వాలు. దారిలో తినడానికి రాగి రొట్టెలు గుడ్డలో మూటగట్టి అన్నిటికంటే పైన పెట్టింది. అడుగున పెడితే నలిగిపోతాయని శివప్ప కోప్పడేవాడు.

"కొంచెం నిదానంగా సర్దక్కా, కెమెరాకి కనబడాల" అన్నాడు మంజునాథ్.

శివప్ప ఇల్లు వదిలి అప్పటికి ఆరేళ్లు. మామిడికాయల కాలంలో కృష్ణగిరి మండీ నుంచి నాగపూరుకు పోయే లారీలో లోడు దించే కూలికి వెళ్లాడు. లారీ తిరిగొచ్చింది. దారిలో టీ తాగడానికి దిగినవాడు మళ్లీ ఎక్కలేదని డ్రైవరు చెప్పాడు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

మగదిక్కు లేని ఆడవాళ్లకు పాడి ఆవులు కొనిచ్చే ట్రస్టు ఒకటి హోసూరులో ఉంది. దాతలకు చూపించడానికి వాళ్లు సినిమా తీయిస్తున్నారు. మంజునాథ్ పెళ్లి వీడియోలతో మొదలుపెట్టినవాడు. తర్వాత కుష్ఠురోగుల ఆస్పత్రికి ఒకటి, చూపులేని పిల్లల బడికి ఒకటి తీసి పేరు తెచ్చుకున్నాడు. ఎవరి కష్టమైనా పది నిమిషాల్లో చెప్పి, చూసినవాడి చెయ్యి జేబులోకి పోయేలా చేస్తాడని అతని గురించి చెప్పుకునేవారు. అందుకే కెలవరపల్లి దగ్గరున్న ఈ ఊరికి వచ్చి, వరమ్మ మొగుడు పోయిన రోజును మళ్లీ నడిపిస్తున్నాడు.

శివప్పగా నడిచే మనిషి కావాలి. వెనకనుంచి కనబడితే చాలు. కెమెరా పట్టే అశ్వత్థప్ప ముందుకొచ్చాడు కానీ, శివప్ప నీలం చారల చొక్కా అతని పొట్ట దగ్గరే ఆగిపోయింది.

"నీకు పట్టాలంటే ఇంకొక చొక్కా కలిపి కుట్టాలప్పా" అంది వరమ్మ అత్త అంజనమ్మ, అరుగు మీద నుంచి.

"మా ఇంటిది పెట్టే తిండి అట్లాంటిది అవ్వా. నాదేమీ తప్పులేదు."

చివరికి మంజునాథే ఆ చొక్కా వేసుకున్నాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అంజనమ్మ నవ్వు ఆపేసి తల తిప్పుకుంది.

సంచి భుజానికి తగిలించుకుని అతను గడప దాటాడు. మామిడి తోపు పక్క దారిలో నడిచి మలుపు దగ్గర కనుమరుగయ్యాడు. అంతలో అశ్వత్థప్ప అరిచాడు: "సార్, మేక అడ్డమొచ్చె! ఇంకోసారి!"

మంజునాథ్ మలుపు తిరిగి వెనక్కి వచ్చాడు. మళ్లీ మొదలుపెట్టబోతే వరమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"బయలుదేరినోడు తిరిగొస్తే అట్లే పోకూడదప్పా. కూసో. నీళ్లు తాగి పో."

"ఇది సినిమా కదక్కా."

"సినిమా అయితే ఏమి? గడప నిజమైనదే కదా."

అతను కూర్చున్నాడు. చెంబులో నీళ్లు తాగి వెళ్లాడు. ఈసారి బస్సు హారను మోగింది. ఆ తర్వాత అతనే రాయి తగిలి తూలాడు. వచ్చిన ప్రతిసారీ వరమ్మ కూర్చోబెట్టింది, నీళ్లిచ్చింది.

"ఇట్లయితే సార్ షాట్‌కు పోయేది లేదు, ఒంటికి పోయేదే" అన్నాడు అశ్వత్థప్ప. అంజనమ్మ కూడా నవ్వింది.

చివరికి షాట్ కుదిరింది. అశ్వత్థప్ప కెమెరా దించాడు.

"ఇంకోసారి తీయకూడదా అప్పా?" అంది వరమ్మ.

"బాగా వచ్చిందక్కా. మళ్లీ ఎందుకు?"

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. మలుపు దగ్గర ఆ నీలం చారలు కనబడినప్పుడల్లా తన ఒంట్లో ఏమవుతోందో మగవాళ్ల ముందు ఎలా చెప్పాలి?

"పోయేది నేను చూసినానప్పా. వచ్చేదే చూడలేదు. నువ్వు దాన్ని తీయనే లేదు."

మంజునాథ్ అశ్వత్థప్ప వైపు తిరిగాడు. "టేపు మిగిలిందా?" అని అడిగాడు.

"కొంచెముంది సార్. ట్రస్టోళ్లకి ఇది దేనికి?"

"ట్రస్టుకి కాదు. పట్టు."

ముఖం కనబడకుండా తువ్వాలు తలమీద కప్పుకుని అతను మలుపు దాకా వెళ్లి, ఇంటివైపు తిరిగి నడిచాడు. ఎదురు వెళ్లమని చెప్పి పోయాడు కానీ, వరమ్మ గడప దాటలేదు. ద్వారబంధం పట్టుకుని నిలబడింది. అరుగు మీద అంజనమ్మ లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వస్తా ఉండాడే, వరా! వస్తా ఉండాడే!"

అతను గుమ్మం దాకా వచ్చినా ఎవరూ ఆపమని అనలేదు.

జీపు ఎక్కేముందు మంజునాథ్ అన్నాడు: "ఇది మీకు వేరే క్యాసెట్లో వేసి నేనే తెచ్చిస్తానక్కా."

మరుసటేడు ట్రస్టువాళ్లు వరమ్మను కృష్ణగిరి పిలిపించి సినిమా చూపించారు. అందులో పోవడమే ఉంది. ఆ పది నిమిషాలు చాలా ఇళ్లకు ఆవుల్ని తెచ్చాయి. వరమ్మకూ ఒకటి వచ్చింది. మంజునాథ్‌ను మద్రాసు పిలిచింది, ఢిల్లీ పిలిచింది. తుఫాను వచ్చినచోటికి, కరువు పడినచోటికి అతని కెమెరా తిరుగుతోందని ట్రస్టువాళ్లు చెప్పేవారు. రోడ్డు మీద జీపు చప్పుడైతే వరమ్మ పాలు పితకడం ఆపి చూసేది. "వాడు ఎప్పుడొస్తాడే?" అని అంజనమ్మ లోపలినుంచి అడిగేది. ఎవరి గురించి అంటోందో వరమ్మ ఎన్నడూ అడగలేదు. ఆ ముసలామె అలా అడుగుతూనే కన్నుమూసింది.

2003లో అశ్వత్థప్ప ఒక్కడే వచ్చాడు. జుట్టు నెరిసింది, పొట్ట మాత్రం తగ్గలేదు. వరమ్మ ఇచ్చిన కాఫీ తాగకుండానే గ్లాసు పక్కన పెట్టాడు.

"అక్కా, అప్పట్లో తీసిన టేపు మీదే మళ్లీ తీసేవాళ్లము. కంటి క్యాంపు సినిమాకి నేను తెలీక అదే టేపు పెట్టినాను. మీది చెరిగిపోయె. సార్‌కి తెలిసి రెండురోజులు అన్నం తినలేదు. వట్టి చేతుల్తో ఎట్ల పోయేదని ఈ పక్కకే రావడం మానేసినాడు."

వరమ్మ దారివైపు చూసింది.

"టేపు లేకపోతే మనిషి రాకూడదా అప్పా?"

అశ్వత్థప్ప ఆ మాట చేరవేశాడు. దసరా అయ్యాక ఊళ్లో అంగడికి ఫోను వచ్చింది. "ఉగాదికి తప్పకుండా వస్తానక్కా" అన్నాడు మంజునాథ్. గొంతు అదే. వరమ్మ ఇంటికి సున్నం వేయించింది.

2004 ఉగాది వచ్చి పోయింది. శివప్ప 1991 మే నెలలో వెళ్లాడు, తిరిగి రాలేదు. మంజునాథ్ 1997 జూన్‌లో వెళ్లాడు, అతనూ తిరిగి రాలేదు.