వెనకగది సర్దిన రోజు

మా ఆయనకు చూపు పోయిందని నాకొక్కదానికే తెలుసు. అయినా వెనకగదిలో వడ్రంగం మానలేదాయన. చెయ్యి చాపితే ఉలి, పక్కకు తిరిగితే రంపం. ముప్పై ఏళ్ల అలవాటు. "నోరు జారావో, పని మాన్పించేస్తారు" అని నాచేత ఒట్టు వేయించుకున్నారు.

ఆయన జ్వరంతో మూడు రోజులు మంచం పట్టారు. కుర్చీలు చేసే ఫ్యాక్టరీలో మేస్త్రీగా ఉన్న మా అమ్మాయి, ఆ గది సర్దిపెడతానని పక్కవీధిలోని తన ఇంటి నుంచి సామానంతా మోసుకొచ్చింది.

"అది పనిగదా, పాతసామాన్ల కొట్టా? అందులోకి వెళ్తే నేనే దొరకను!"

"నాన్ననొకమాట అడుగుదామే."

"అడిగితే వద్దంటాడు. లేచేసరికి తయారుగా ఉండాలి."

అప్పుడే చెప్పాల్సింది. చెబితే పని మాన్పించేస్తుంది, ఆయన్ని ఆ గదినుంచి నేనే పంపించలేననిపించింది. వెళ్లి నిచ్చెన పట్టుకున్నాను.

బల్ల వెలుతురుకేసి తిప్పింది. మధ్యలో కరెంటు రంపం బిగించింది. గోడకు చిల్లుల పలక కొట్టి, కొక్కేలకు పనిముట్లు తగిలించి, ఒక్కోదాని చుట్టూ గీత గీసింది. చూడగానే తెలియాలట, ఏది ఎక్కడిదో.

నాలుగోరోజు ఆయన లోపలికి వెళ్లారు. చెయ్యి చాపారు. అక్కడేమీ లేదు.

"ఎలా ఉంది నాన్నా?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా." ఆ మాట అన్నది తలుపుకేసి చూస్తూ.

"ఆ ఉలి అందుకో మరి."

ఉలికి జానెడు దూరంలో ఆయన అరచెయ్యి ఖాళీగోడను తడుముతూ పోయింది. అమ్మాయి నవ్వు ఆగిపోయింది. నావైపు తిరిగింది.

"నీకు తెలుసా అమ్మా?"

నేను తల దించుకున్నాను.

గీతలు చెరిపేసింది. కొక్కేలు పీకింది. బల్ల వెనక్కి తిప్పాం. "ఉలి ఎక్కడుండేది నాన్నా? కిటికీకి ఎంత దూరం?"

"ఏమోనే. చెయ్యి పెడితే ఉండేది."

సాయంత్రందాకా జరుపుతూనే ఉన్నాం. కాస్త ఇటు, కాస్త అటు. ప్రతిసారీ ఆయన చెయ్యి వెళ్లేది, ఏదీ తగలక తిరిగొచ్చేది. ఒకసారి మాత్రం ఉలి దొరికింది, అంచువైపు. నెత్తురు ఆయన చూడలేదు. వేళ్లు తడిగా ఉన్నాయేమిటని అడిగారు.

నా కొంగుతో కట్టు కట్టాను. అమ్మాయి గోడకు ఆనుకుని ఏడుస్తోంది. "నీ తప్పేముందే పిచ్చిదానా" అంటూ ఆయన దాని తలకోసం వెతికారు.

తర్వాత నా భుజం పట్టుకుని లేచారు. అదే మొదటిసారి, ఆ గదిలోంచి ఒకరి సాయంతో బయటికి రావడం.