బర్గూరుకు తెచ్చిన గుప్పెడు బియ్యం

డిసెంబర్ చివరి వారంలో హోసూరులో అందరికీ చేతినిండా పనే, సెలవు మీద ఇంటికొచ్చిన నందితకు తప్ప. కొత్త సంవత్సరానికి గులాబీలు బెంగళూరు చేరాలి కాబట్టి వాళ్ల నాన్న ఆదెప్ప పూలషెడ్డు వదిలి రావడం లేదు. నందిత మాత్రం లాప్‌టాప్ తెరుచుకుని మూడు రోజులుగా ఒక ఖాళీ పేజీ వైపు చూస్తూ కూర్చుంది.

ఆమె గల్ఫ్‌లో ఒక చిన్న దేశంలో, మన రాయబార కార్యాలయంలో అధికారి. ఏడాది ముగిసేలోగా అక్కడి అధికారులంతా తమ ఉద్యోగం గురించి, పరాయి దేశంలో తమ బతుకు గురించి ఒక్కో పేజీ రాయాలి. రాయబారిగారు వాటిని చిన్న పుస్తకంగా వేయించి పంచుతారు. విందులో పొరపాటున అవతలి దేశం మంత్రి కుర్చీలో కూర్చున్న సంగతి ఒకాయన రాస్తాడు. అమ్మ పోయినప్పుడు సెలవు దొరకని సంగతి ఇంకొకావిడ రాస్తుంది. నందిత ఏం రాయాలో మాత్రం రాయబారిగారే ముందుగా చెప్పేశారు. ఆ బియ్యం సంగతి రాయమన్నారు. ఈ ఏడాది మొత్తంలో మన ఆఫీసు చేసిన గొప్ప పని అదేనన్నారు.

ఆ బియ్యం సంగతి పచ్చి అబద్ధమని ఆయనకు తెలియదు.

ఏప్రిల్‌లో ముత్తప్ప అనే పనివాడు అక్కడ గుండె ఆగి చనిపోయాడు. బర్గూరు దగ్గరి పల్లెవాడు, రాళ్లకు పాలిష్ పట్టే పనిలో చేరి నాలుగేళ్లయింది. ఆఫీసులో తెలుగు వచ్చింది నందితకొక్కదానికే కాబట్టి అతన్ని ఇంటికి పంపే పని ఆమె మీద పడింది. అతని భార్య మునివెంకటమ్మ ఫోన్‌లో ఒక్కటే కోరింది. పెట్టె మూసేముందు ఆయన నోట్లో నాలుగు బియ్యపు గింజలు వేయమంది. అయినవాళ్ల చేతి బియ్యం నోట్లో పడకుండా పోయినవాడు వాళ్ల లెక్కలో దిక్కులేనివాడు. మూసిన పెట్టెను ఊరికి వచ్చాక తెరవనిస్తారో లేదోనని ఆమె భయం. నందిత సరేనంది.

అన్నమాట ప్రకారం ఒక పొట్లంలో గుప్పెడు బియ్యం పెట్టుకుని ఆస్పత్రికి బయలుదేరింది. ఆమె చేరేసరికే రేకు పెట్టెకు మూత అతికేశారు. మళ్లీ తెరవాలంటే కొత్త అనుమతి కావాలి, ఆ రోజు విమానం తప్పిపోతుంది, తర్వాతి విమానం నాలుగు రోజులకు. ఏం చేయాలో తోచక నిలబడి ఉండగానే ఫోన్ మోగింది. వేసినారా అమ్మా అని మునివెంకటమ్మ గొంతు.

"వేసినానమ్మా," అంది నందిత.

అంతే, ఆ ఒక్క మాట గోరంత నుంచి కొండంత అయింది. ముత్తప్ప వాళ్లన్న పాపన్న ఆఫీసుకు ఉత్తరం రాయించాడు. అధికారమ్మ ఇంటి మనిషిలాగా మావాడి నోట్లో బియ్యం వేసింది అని అందులో ఉంది. ఆ ఉత్తరాన్ని ఆఫీసులో గోడకు తగిలించారు. అందరూ మెచ్చుకుంటుంటే నందిత తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. బియ్యం పొట్లం మాత్రం పారేయలేకపోయింది.

ముప్పయ్యో తేదీ పొద్దున ఆమె లాప్‌టాప్ మూసేసి బస్సెక్కింది. ముందు ముత్తప్ప ఇంట్లో నిజం చెప్పాలి, తర్వాత ఆ నిజాన్నే పేజీలో రాయాలి, ఆపైన ఉద్యోగం ఏమైతే అది అవుతుంది అనుకుంది. కృష్ణగిరిలో బస్సు మారేటప్పుడు వెనక్కి పోదామా అని కూడా అనిపించింది. భయమేసింది, దాచడమెందుకు.

మునివెంకటమ్మ అప్పుడే మేకలను తోలుకుని వచ్చినట్టుంది, చీర కొంగుతో మొహం తుడుచుకుంటూ ఎదురొచ్చింది. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. నలభై దాటని మనిషి, నందిత ఊహించిన దానికంటే పొట్టి. కాసేపటికి పాపన్న వచ్చి నమస్కారం పెట్టాడు, పక్కింటి ఆడవాళ్లు వచ్చి చూసిపోయారు. బియ్యం వేసిన అమ్మ ఈమేనంట అని వాళ్లు గుసగుసలాడుకుంటుంటే నందితకు నేల చీలితే బాగుండుననిపించింది. సమాధి చూడాలని అడిగింది. ఇద్దరే చేను గట్టు మీదుగా నడిచారు.

సమాధి మీద నల్లరాతి పలక, మొహం కనిపించేంత నునుపుగా ఉంది. నందిత సంచిలోంచి పొట్లం తీసింది.

"అమ్మా, ఆ రోజు నేను..."

"తెలుసు," అంది మునివెంకటమ్మ.

కోపం లేదు ఆ గొంతులో. పొద్దున ఏం వండిందో చెప్పినట్టు చెప్పింది. శవం వచ్చిన రోజు పాపన్న మనిషిని పిలిపించి రేకు కోయించాడట. సర్కారోళ్లు వేసినామంటారు, వేసినారో లేదో చూడల్ల అని అతని పట్టు. ఊరంతా చుట్టూ చేరింది. మూత లేవగానే మునివెంకటమ్మ అందరినీ వెనక్కి పొమ్మంది. మొదట పెళ్లాం చూడాలి, తర్వాతే ఎవరైనా అంది. వంగి చూస్తే నోట్లో ఒక్క గింజ లేదు. కొంగు ముడిలో తాను తెచ్చుకున్న బియ్యం ఉంది. ఏడుస్తున్నట్టు మీద పడి, కొంగు చాటున నాలుగు గింజలు పెదాల మధ్య పెట్టి లేచింది. రండి, ఆ అమ్మ వేసిన బియ్యం చూడండి అని అందరినీ పిలిచింది.

ఇద్దరి మధ్య తగవు ఎలా తీర్చాలి, ఎవరి ముందు ఏ మాట ఎలా కాపాడాలి అని నందితకు ఉద్యోగంలో ఏళ్లకేళ్లు నేర్పించారు. మొగుడి శవం ముందు, రెండు క్షణాల్లో, ఊరి కళ్లన్నీ వీపు మీద ఉండగా ఆ పని చేసిన మనిషి మేకలు మేపుకుంటూ ఇక్కడుంది. ఆమె పక్కన నిలబడటానికే నందితకు సంకోచమనిపించింది.

"ఎందుకమ్మా? నన్ను తిట్టల్ల కదా నువ్వు."

"తిట్టుకున్నాను లే, నాలుగు దినాలు," అంది మునివెంకటమ్మ. "ఆ పొద్దు నా వెనకాల ముగ్గురు ఆడోళ్లు నిలబడుకోని ఉండారు. వాళ్ల మొగుళ్లు ఇంకా ఆడనే పనిలో ఉండారు. నీ మాట అబద్ధమని తేలిపోతే, రేపు వాళ్లకేమన్నా అయితే ఎవురికి ఫోన్ చేస్తారు, నువ్వే చెప్పు?"

నందిత ఏడ్చింది. పెద్ద అధికారిణి, చేను గట్టున నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. మునివెంకటమ్మ ఆమె చేతిలోని పొట్లం విప్పి చూసింది. ఆ రోజు బియ్యమేనా అని అడిగింది. పురుగు పట్టిన గింజలు ఏరి పారేసి, మిగిలినవి నందిత అరచేతిలో పోసింది.

"ఇప్పుడు వెయ్యి అమ్మణ్ణీ. చెప్పిన మాట చెల్లించుకో."

తల ఉన్న వైపు వంగి నందిత మూడుసార్లు బియ్యం వేసింది. కొన్ని గింజలు పలక మీద పడ్డాయి. మునివెంకటమ్మ వాటిని కూడా మట్టిలోకి తోసింది.

తిరిగి వస్తూ, ఈ సంగతంతా ఆఫీసు పుస్తకంలో రాస్తానని, తన తప్పు ఒప్పుకుంటానని, మునివెంకటమ్మ ఎంత గొప్ప పని చేసిందో అందరికీ తెలియాలని నందిత అంది. మునివెంకటమ్మ నడక ఆపింది. పాపన్న కొడుక్కి ఇంగ్లీషు వచ్చని, ఆ పుస్తకం చేతికొస్తే ఊరంతటికీ చదివి వినిపిస్తాడని చెప్పింది. నీ మనసు తేలిక చేసుకునేదానికి వాళ్ల ముగ్గురి ధైర్యం తీసేస్తావా అని అడిగింది.

ముప్పై ఒకటి మధ్యాహ్నం నందిత పేజీ పంపింది. ఆ ఏడాది ఎన్ని పాస్‌పోర్టులు ఇచ్చిందీ, ఎండలో ఎన్ని కార్మికుల శిబిరాలు తిరిగిందీ అందులో ఉంది. గంటలోపే రాయబారిగారు ఫోన్ చేశారు. ఇదంతా ఎవరైనా రాస్తారు, అసలు సంగతి ఏదమ్మా అన్నారు. ఆమె రాయనంటే తానే రాస్తానన్నారు.

"వద్దు సార్," అంది నందిత. "అది మా ఇంటి విషయం."