మూడు పిడికిళ్ల మట్టి

నాకు చావు ఇళ్ల ఫొటోలు తీసే సరదా ఏమీ లేదు. సౌదీలోని బురైదాలో ఒక ట్రావెల్ ఆఫీసుకు ఫొటోలు తీస్తాను. సౌదీ కుటుంబాలు సెలవులకు ఇండోనేషియా వెళ్తుంటాయి కాబట్టి, అక్కడి పచ్చటి కొండలూ జలపాతాలూ తీసుకురమ్మని, నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, మూడేళ్ల కిందట నన్ను సులవేసీ దీవికి పంపాడు. కొండలు తీసుకుని రాకుండా తొరాజా అనే కొండజాతి వాళ్ల ఊళ్లో దూరడం నా సొంత తెలివి.

అక్కడ నేను చేసిన పని గురించి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఈ చలికాలం మా తమ్ముడు అఖీల్ భార్య నస్రీన్ ప్రొద్దుటూరు గుంపుతో ఉమ్రాకు వచ్చింది. మదీనాలో పుణ్యస్థలాల జియారత్ ముగిశాక, భర్తను పూడ్చిన చోటు చూడందే విమానం ఎక్కనని పట్టుబట్టింది. సరేనని, తోడుగా గుంపులోని పెద్దావిడ రహమత్బీని కూడా కారులో కూర్చోబెట్టుకుని బురైదా బయలుదేరాను. రహమత్బీ ఊరు దాటకముందే నిద్రపోయింది. నస్రీన్ మాత్రం ఐదు గంటలూ ఒకటే అడుగుతూ వచ్చింది. స్నానం ఎవరు చేయించారు, జనాజా నమాజుకు ఎంతమంది వచ్చారు, నేను మట్టి ఇచ్చేటప్పుడు ముఖం కనిపించిందా అని. ఇతరుల దగ్గర విన్న ముక్కలనే నావిగా చెప్పుకుంటూ పోయాను. మూడేళ్లు చెప్పిన అబద్ధం కదా, నోరు తడబడలేదు.

తమ్ముణ్ణి పూడ్చిన రోజు నేను ఇక్కడ లేనే లేను.

తొరాజాలో మనిషి చనిపోతే వెంటనే చనిపోయాడనరు, జబ్బుగా ఉన్నాడంటారు. శవం పాడుకాకుండా మందు పెట్టి, గుడ్డలు చుట్టి, ఇంట్లోనే పడుకోబెట్టి పూటపూటకూ అన్నం, కాఫీ పెడతారు. నేను దిగిన ఇంటి పెద్దాయన అట్లా రెండేళ్లు జబ్బుగా ఉన్నాడు. ఆయన కూతురు తైవాన్‌లో ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఆమెకు సెలవు దొరికేదాకా ఆగారు. గది గుమ్మంలో నేను కెమెరా ఎత్తబోతుంటే ఆయన భార్య నా చెయ్యి పట్టి ఆపింది. ముందు ఆయన్ను పలకరించమంది. శవాన్ని పలకరించడమేమిటని లోలోపల విసుక్కుంటూనే, సలాం చెప్పి, ఫొటో తీసుకుంటానని అడిగాను. ఆమె సంతోషించి నాకూ ఒక కప్పు కాఫీ ఇచ్చింది.

అంత్యక్రియలు ఐదు రోజులు. వెదురు పందిళ్లు, ఊళ్లకు ఊళ్లే వరుసలు కట్టి రావడం, మగవాళ్లు చిటికెన వేళ్లు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడటం, ఒకదాని తర్వాత ఒకటి దున్నపోతులు బలై కూలడం. పందుల సంగతి చెప్పను. తిండి మానేసి ఫొటోలు తీశాను. మూడో రోజు మధ్యాహ్నం, బురైదాలో అఖీల్ గదిలోనే ఉండే డ్రైవరు ఖయ్యూమ్ ఫోన్ చేశాడు. ఖర్జూరం తోటలో లోడు ఎక్కిస్తూ అఖీల్ కూలిపోయాడని, ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయిందని చెప్పాడు.

కూర్చున్నచోటే ఏడ్చాను. ఆ ఏడుపు అబద్ధం కాదు. కానీ ఏడుస్తూనే లెక్కలు వేసుకున్నాను. గల్ఫ్‌లో మనవాడు ఎవరు పోయినా కాగితాలకే నెల పడుతుందని మాలో ప్రతివాడికీ తెలుసు. పోలీసు కాగితం, కఫీల్ కాగితం, ఎంబసీ కాగితం, అక్కడే పూడ్చండని ఇంటివాళ్లు రాసిచ్చే కాగితం. మా వీధి అల్లాబకాష్ నలభై రోజులు ఐసుగదిలోనే ఉన్నాడు. తమ్ముడు ఎక్కడికీ పోడు, ఇక్కడ ఇంకా రెండు రోజులే, కొండ తొలిచిన గుహలోకి పెట్టెను ఎక్కించే ఫొటో మళ్లీ జన్మలో దొరకదు అనుకున్నాను. కక్కుర్తి. దానికి వేరే పేరు లేదు. ఆ సాయంత్రమే నస్రీన్ ఏడుస్తూ ఫోన్ చేసింది.

"బావా, ఆయన కాడనే ఉండావా?" అంది.

ఉన్నానన్నాను.

ఐదో రోజు ఆ కూతురు పెట్టె మీద చెయ్యి వేసి, తండ్రితో మాట్లాడుతూనే గుహ దాకా నడిచింది. ఫొటో బాగా వచ్చింది. ఆ తర్వాత బస్సు, మూడు విమానాలు. రియాద్‌లో దిగి ఫోన్ తెరిస్తే ఖయ్యూమ్ మెసేజ్. కాగితాలన్నీ నాలుగు రోజుల్లోనే వచ్చేశాయట. నా ఫోన్ కలవలేదట, తమ్ముడి కఫీల్ ఇక ఆగనన్నాడట, నిన్న సాయంత్రం అసర్ నమాజు తర్వాత పూడ్చేశారట. ఈ దేశంలో నా కాగితం ఒక్కటి కూడా నాలుగు రోజుల్లో కదిలిన పాపాన పోలేదు. తమ్ముడివి మాత్రం పరుగెత్తాయి. నస్రీన్‌కు ఫోన్ చేసి, నా చేత్తోనే మూడు పిడికిళ్ల మట్టి ఇచ్చానని చెప్పాను. బయటపెట్టొద్దని ఖయ్యూమ్‌ను బతిమాలుకున్నాను.

బురైదా ఖబరస్తాన్ గేటు ముందు కారు ఆపాను. ఆడవాళ్లను లోపలికి రానివ్వరు. బయటినుంచే చూడాలి. లోపల ఎక్కడా పేర్లు లేవు, కనుచూపు మేరా మట్టి దిబ్బలు, తలవైపు ఒక్కో రాయి. చోటు తెలిసిన ఖయ్యూమ్ నిరుడే ఊరికి వెళ్లిపోయాడు, ఉన్నన్నాళ్లూ అతన్ని అడిగే మొహం నాకు లేకపోయింది. నస్రీన్ గేటు కమ్మీల్లోంచి చూస్తూ ఏ వరుసో చూపించమంది. ఏదో ఒక దిబ్బ చూపిస్తే ఆమెకు తేడా తెలిసేది కాదు. వేలు ఎత్తాను కూడా. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని అఖీల్ అనుకుని మాట్లాడుతుందని అప్పుడు భయమేసింది.

చెప్పేశాను. తొరాజా, ఆ రెండు రోజులు, ఫొటో, అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కమ్మీలు వదలకుండానే నావైపు తిరిగింది.

"నువ్వు ఒక్కనివే ఆ ఐసుగది ముందర తిండీ నీళ్లూ లేకుండా కూసోని ఉంటావని, బిడ్డను సంకనేసుకోని ఒక్క దినంలో ఆడనే పూడ్చమనే కాయితానికి సంతకాలన్నీ చేయిస్తి బావా. నీకోసరమే ఉరుకులాడితి" అంది. గొంతు హెచ్చించలేదు. "రాలేదని నువ్వు చెప్పింటే, నువ్వొచ్చేదాకా నేను సంతకమే పెట్టకపోదును."

రహమత్బీ నిద్రలేచి కారు దిగి, ఏమైందని అడిగింది. ఏమీ కాలేదంది నస్రీన్. కొంగు సరిచేసుకుని, గేటువైపు తిరిగి అఖీల్ కోసం ఫాతిహా చదవడం మొదలుపెట్టింది. నేనూ పక్కనే నిలబడ్డాను గానీ చేతులు ఎత్తలేకపోయాను.