బొగ్గు ఆగితే ఇంటికొస్తారు

మా ఇంటి పడమటి గోడ పక్కన పన్నెండడుగుల ఖాళీ జాగా ఉండేది. మా నాయనమ్మ ఎలీసమ్మ అందులో ఎవర్నీ ఏమీ కట్టనిచ్చేది కాదు. కోళ్లగూడు పెట్టినా మర్నాటికల్లా తీయించేది. అడిగితే, "అది మా తమ్ముడిది" అనేది.

ఆ తమ్ముణ్ణి మాలో ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూడలేదు.

నాయనమ్మ తల్లి కడుపులో ఉండగానే ఆమె తండ్రి క్రీస్తుదాసు మద్రాసులో ఓడెక్కి నేటాలు వెళ్లాడు. దక్షిణాఫ్రికాలో ఉందా సీమ. ఐదేళ్లు బొగ్గు గనిలో చేస్తానని వేలిముద్ర వేసి వెళ్లిన మనిషి అక్కడే ఉండిపోయాడు, అక్కడే ఇంకో పెళ్లి చేసుకున్నాడు, అక్కడే పోయాడు. ఆయన పోయిన సంగతి రాసింది రెండో భార్య కొడుకు జక్రయ్య. తర్వాత మరో రెండు ఉత్తరాలు వచ్చాయి. మా నాన్నకు పెళ్లయిన ఏడు నుంచి అవీ లేవు. నాయనమ్మ ఇక్కడే, తన పుట్టింట్లోనే ఉంది. తాతే ఇల్లరికం వచ్చాడు. ఇల్లు తన తండ్రిది కాబట్టి అందులో తమ్ముడికి వాటా ఉందని ఆమె లెక్క. ఆ మూడు ఉత్తరాలూ బైబిల్లో యోబు గ్రంథం దగ్గర ఉండేవి.

మా అన్న ఆదాం పిడుగురాళ్లలో సున్నపు బట్టీకి వెళ్లేవాడు. బట్టీ నోట్లో ఒక వరస సున్నపురాయి, ఒక వరస బొగ్గు, మళ్లీ రాయి, మళ్లీ బొగ్గు పోసుకుంటూ పోవాలి. ఎనభై ఆరు జనవరిలో ఎందువల్లనో సింగరేణి నుంచి బొగ్గు వ్యాగన్లు రావడం ఆగిపోయింది. పది రోజులకు బట్టీలు చల్లారాయి. వినుకొండ వైపు నుంచి వచ్చిన కూలివాళ్లంతా మూటలు నెత్తిన పెట్టుకుని, చంకల్లో పిల్లల్ని ఎత్తుకుని మా ఊరి మీదుగా తిరిగి వెళ్లిపోయారు. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని వాళ్లను పొద్దుగూకేదాకా చూసింది.

"చూశావా పిల్లా," అంది నాతో. "బొగ్గు ఆగితే బట్టీ ఆగుద్ది. బట్టీ ఆగితే ఎవరిళ్లకు వాళ్లు పోతారు."

నేను అప్పుడా మాట పట్టించుకోలేదు.

పదో తరగతి అయ్యాక నేను చర్చి బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెప్పేదాన్ని. బడి పెద్ద సంజీవరావు మాస్టారు చదివేసిన పేపరు ఇస్తే ఇంటికి తెచ్చి నాయనమ్మకు చదివి వినిపించేదాన్ని. ఆమెకు పత్తి ధర అక్కర్లేదు, మిరపకాయల ధర అక్కర్లేదు. "మా నాన్న దేశం సంగతేమన్నా రాశాడా?" అని అడిగేది. రాయకపోతే పేపరు మడిచేయమనేది.

ఆ అక్టోబరులో రాశాడు. అక్కడి తెల్ల ప్రభుత్వం నల్లవాళ్లకు ఓటివ్వకుండా, మనుషుల్ని రంగును బట్టి విడదీసి ఏలుతున్నందుకు అమెరికా ఆ దేశపు బొగ్గును కొనకూడదని చట్టం చేసిందట. ఆ ముక్క రెండుసార్లు చదివించుకుంది.

"అంటే అక్కడ బొగ్గు ఆగిపోద్దా?"

"కొనేవాళ్లు తగ్గుతారు, నాయనమ్మా."

"కొనేవాడు లేకపోతే తవ్వేదెవరికి?" అని లేచి, వక్కపలుకుల డబ్బాలోంచి కాస్త సున్నం వేలికి తీసి గుమ్మపు చెక్క మీద ఒక చుక్క పెట్టింది.

మాస్టారిని అడిగితే, పోయినేడు ఫ్రాన్సు కూడా బొగ్గు కొనడం ఆపిందన్నారు. ఇంటికొచ్చి చెప్పాను. రెండో చుక్క పడింది. డెన్మార్కు అని ఒక చిన్న దేశం క్రిస్మస్ నాటికి పూర్తిగా ఆపుతుందని వచ్చింది. ఆ దేశం ఎక్కడుందో మా బడి గోడ మీది పటంలో వెతకడానికి నాకు అరగంట పట్టింది. మూడో చుక్క.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూనే నాయనమ్మ ఆ జాగాలో కంపంతా కొట్టించి, ఊడ్చి, నీళ్లు చల్లింది.

"ఎవరి కోసం నాయనమ్మా ఈ ఊడవటం?" అన్నాడు అన్న.

"మీ తాత వస్తన్నాడు."

"తాతా? ఆయన పోయి పదేళ్లయింది!"

"ఆ తాత కాదురా. జక్రయ్య తాత. అక్కడ బొగ్గు ఆగిపోతంది. గని మూస్తే ఏంజేస్తాడు? ఇంటికి రాడూ?"

అన్న నవ్వబోయి ఆగాడు. నవ్వాల్సిన సంగతి కాదది. రెబ్కా వదినకు ఆరో నెల. అమ్మా నాన్నా పోయాక ఇంట్లో మేం నలుగురమే అయినా, మాది ఒకటే గది, ముందొక వసారా. కాన్పు తర్వాత పుట్టింటి నుంచి బిడ్డతో వస్తే ఎక్కడుండాలి? ఆ జాగాలో ఒక గది వేసుకుందామని అన్న రెండేళ్లుగా బట్టీ దగ్గర పారేసిన రాళ్లు ఏరి పోగేస్తున్నాడు.

"నాయనమ్మా, ఆయనకు డెబ్బై ఏళ్లు దగ్గర పడుంటాయి. ఉన్నాడో లేడో కూడా తెలవదు."

"నాకు డెబ్బై ఆరు. నేను లేనా?"

మర్నాడు మాస్టారితో అంతా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వాళ్లు అక్కడే పుట్టారమ్మా. ఇల్లంటే వాళ్లకు అదే. అయినా మన పాస్‌పోర్టు మీదే రాసుంటుంది, ఆ దేశానికి చెల్లదని. ఎప్పుడో స్వతంత్రం రాకముందే మనవాళ్లు వాళ్లతో వ్యాపారం మానేశారు. ఇప్పుడు మిగతా దేశాలు ఒక్కొక్కటీ ఆ దారికొస్తున్నాయి."

"సరుకు కొనకపోతే ప్రభుత్వం మారుద్దాండీ?"

"మారుతుందని ఆశ. రాయబారులు ఎన్నేళ్లు చెప్పినా వినలేదు మరి."

ఇదే మాట నాయనమ్మకు చెబితే మూతి తిప్పింది. "బట్టీ చల్లారినప్పుడు షావుకారు ఒక్క పూటన్నా పస్తున్నాడా? ఎండింది కూలోడి డొక్క. ఆ పేపరోడికి ఆ మాత్రం తెలవదూ?"

నాకు వేరే సందేహం పట్టుకుంది. అక్కడ బొగ్గు తవ్వే మనిషి దీని గురించి ఏమనుకుంటున్నాడు? పేపరులో అమెరికా వాడి మాట ఉంది, ఆ ప్రభుత్వం మాట ఉంది. జక్రయ్య తాతలాంటి వాళ్ల మాట ఎక్కడా లేదు.

"రాసి అడుగుదాం," అన్నాను.

"ఉత్తరాలు పోవంట కదే. పాత పోస్టుమేను చెప్పాడు, మనకీ వాళ్లకీ పొత్తుల్లేవని."

పోస్టుమాస్టరు వెంకటనారాయణ గారిని అడిగాను. ఆయన నియమాల పుస్తకం తిరగేసి, మూసి, "సరుకు పోదు. మనిషి పోడు. కాగితం పోకూడదని నాకైతే ఎక్కడా కనపడలా. బిళ్లలంటించి డబ్బాలో వేసెయ్యమ్మా, ఆ పైన దాని అదృష్టం," అన్నారు.

ముప్ఫై ఏళ్లుగా ఒక పోస్టుమేను నోటిమాట నమ్మి కూర్చున్నాం.

ఆ సాయంత్రం అన్నకూ నాయనమ్మకూ ఒప్పందం కుదిరింది. ఉత్తరం రాయాలి. తొలకరి దాకా చూడాలి. అప్పటికీ జవాబు రాకపోతే అన్న పునాది తవ్వుకుంటాడు, నాయనమ్మ అడ్డు చెప్పదు.

నాయనమ్మ చెబుతుంటే రాశాను. "తమ్ముడూ, నీ జాగా నీకే ఉంది. నిన్ననే ఊడ్పించాను. బొగ్గు ఆగిందని విన్నాం. పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యి. ఇక్కడ బట్టీ ఉంది, మిరప తోటల్లో పని ఉంది. మొహమాటపడకు." కింద నేను నా సందేహం కూడా రెండు వరుసలు కలిపాను. మాస్టారి సాయంతో అదంతా ఇంగ్లీషులో తిరగరాసి, పాత కవరు మీది అడ్రసు చూసి పంపాను.

మార్చిలో వదినకు ఆడపిల్ల పుట్టింది. మే నెల చివరికి బిడ్డతో వచ్చింది. జూన్‌లో మొదటి వాన పడింది. గదిలో ఉయ్యాల, దాని కింద అన్నా వదినా, వసారాలో జల్లు కొడుతుంటే నేనూ నాయనమ్మా గోడకు అంటుకుని. ఉత్తరం రాలేదు.

తెల్లవారి నాయనమ్మ తనే అంది, "తవ్వుకోరా."

"గునపం మొండి పోయింది. సాన పట్టించాలి," అన్నాడు అన్న.

వారం తర్వాత ఇంకో వాన పడింది. గునపం ఇంకా మొండిగానే ఉంది. "రాళ్లన్నా ఇటు చేరెయ్యి," అని వదిన పోరితే రాళ్లు మాత్రం మోశాడు.

"ఏందయ్యా, ఆ ఆఫ్రికా తాత నీకూ తమ్ముడా?" అని వదిన ఎకసెక్కమాడింది.

"ఆమె నోటితో తవ్వుకోమంది గానీ, మొహం చూడు," అన్నాడు అన్న గొంతు తగ్గించి.

జూలై రెండో వారంలో వెంకటనారాయణ గారు స్వయంగా బడికి వచ్చి కవరు నా చేతిలో పెట్టారు. దాని మీద బిళ్లలు నేనెప్పుడూ చూడనివి. మాస్టారు బడి వదిలేశారు. ఇద్దరం కలిసి ఇంటికి నడిచాం.

ఉత్తరం జక్రయ్య తాత చెబుతుంటే ఆయన మనవరాలు ఇంగ్లీషులో రాసింది. మాస్టారు చదివి ఒక్కో మాటా తెలుగులో చెప్పారు.

"అక్కా, నువ్వు బతికున్నావని తెలిసి మా ఇంట్లో అందరం మోకరించాం. నేను గని మానేసి చాలా ఏళ్లయింది. మా అబ్బాయి అదే పనిలో ఉండేవాడు. బొగ్గుకు గిరాకీ తగ్గిందని నాలుగు నెలల క్రితం వాణ్ణి తీసేశారు. మా కోడలు నాతో మాట్లాడటం లేదు. ఎందుకంటే, మా బొగ్గు కొనకండని ప్రపంచాన్ని అడిగిన వాళ్లలో నేనూ ఉన్నాను. మా చర్చిలో కాగితం పెడితే సంతకం చేశాను."

"ఆగండి మాస్టారూ," అంది నాయనమ్మ. "ఎవరడిగారు?"

"వాళ్లే అడిగారమ్మా. కొనొద్దని."

"బొగ్గు మీద బతికేవాళ్లే బొగ్గు కొనొద్దన్నారా?"

"అలాగే రాశాడు. ఇక్కడ వినండి. 'మీ మనవరాలు మేమేమనుకుంటున్నామని అడిగింది. ఇంతవరకు అలా ఎవరూ అడగలేదు. ఆకలి మాకు కొత్త కాదు. ఎవరికోసం ఆకలితో ఉన్నామో తెలిసి ఉండటం కొత్త. అయినా మా కోడలి కోపానికి నా దగ్గర జవాబు లేదని కూడా రాయి.'"

నాయనమ్మ గుమ్మపు చెక్క మీది సున్నం చుక్కల వైపు చూసింది. అవి తమ్ముడు వచ్చే దారికి గుర్తులని ఇన్నాళ్లూ అనుకుంది.

"వస్తానన్నాడా?" అంది చివరికి.

"రానన్నాడమ్మా. వాళ్లమ్మా నాన్నల సమాధులు అక్కడి కొండ పక్కనే ఉన్నాయట, తనూ అక్కడే పడుకుంటాడట. జాగా మీద ఎవరు కప్పు వేస్తే వాళ్లదే అన్నాడు."

అన్న తల వంచుకుని నేల గీరుతున్నాడు. వదిన ఉయ్యాల ఊపడం ఆపింది.

ఉత్తరం అడుగున ఇంకో నాలుగు వరుసలు ఉన్నాయి, వణికే చేతి రాత. ఇంగ్లీషు అక్షరాలే గానీ మాటలు ఇంగ్లీషువి కావు. మాస్టారు తడబడి నాకిచ్చారు. నేను కూడబలుక్కుంటూ పైకి చదివాను. సగం దూరం పోయాక అది తెలుగని తెలిసింది. డెబ్బై ఏళ్లకు పైగా వాళ్లింట్లో నిలవున్న తెలుగు.

"అక్కా, నాన్న ఒక మాట చెప్పేవాడు. మా ఊళ్లో వానలో చేలోకి నడిచిపోతే మనిషి జానెడు పొడుగు అవుతాడంట. ఇది నిజమా, నాన్న మమ్మల్ని ఆట పట్టించినాడా? చచ్చేలోపు నాకు తెలవాల."

నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. భుజాలు ఎగురుతుంటే అర్థమైంది, నవ్వుతోంది. తండ్రి మాట ఒక్కటి కూడా వినకుండా పెరిగిన మనిషి. ఆయన ఫోటో లేదు, చొక్కా లేదు. ఇప్పుడు ఒక వేళాకోళం వచ్చింది.

"ఆదాం! గునపం తియ్యరా," అంది.

"సాన..."

"నీ సాన సంగతి నాకు తెలవదా? తియ్!"

అన్న పునాది గీత వెంట తవ్వడం మొదలుపెట్టాడు. పై పొర లేచేసరికి తడిసిన నల్లరేగడి, వెన్నలా. నాయనమ్మ ముందు కాళ్లు కడుక్కుని గుమ్మపు చెక్కకు ఆనుకుని నిలబడింది. నన్ను తల మీదుగా బొగ్గుతో గీత గీయమంది. తర్వాత చీర కుచ్చిళ్లు దోపుకుని ఆ తవ్విన మట్టిలో ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. ఒక్కో అడుగుకూ ఒక్కో పొర పట్టుకుంది. కాలు ఎత్తలేక అన్న భుజం పట్టుకుని, ఏనుగు పాదాలతో గుమ్మం దగ్గరకు వచ్చింది.

"గియ్యి!"

గీశాను. మాస్టారు వంగి రెండు గీతల మధ్య వేళ్లు పెట్టి చూశారు.

"నాలుగు వేళ్లు."

"జానెడు కాదన్నమాట," అంది నాయనమ్మ. "మా నాన్న కొంచెం పెంచి చెప్పాడు. రాయి పిల్లా. 'నిజమే, గానీ నాలుగు వేళ్లే. ఆదాం గది కడుతున్నాడు. నీ కోడలికి నేను అడిగానని చెప్పు.' రాశావా?"

"రాస్తున్నా."

వదిన చెంబుతో నీళ్లు తెచ్చింది. నాయనమ్మ వద్దని చెయ్యి ఊపి, మన్ను కాళ్లతోనే గుమ్మంలో నిలబడి, ఆ రెండు గీతల్నీ కాసేపు వేలితో తడిమింది.

"ఇంకొకటి కూడా అడుగు. మన్ను లేకుండా మా నాన్న ఎంత పొడుగుండేవాడో రాయమను."